నాకు తెలిసిన భాషలో చదివి వినిపించగా

అఫిడవిట్ చివర, సంతకానికి కాస్త పైన ఒక వాక్యం ఉంటుంది. 'పై విషయాలన్నీ నాకు తెలిసిన భాషలో చదివి వినిపించగా, విని, అర్థం చేసుకొని సంతకం చేస్తున్నాను' అని. సూరత్ కోర్టు దగ్గర ఆ వాక్యాన్ని నమ్మిన మనిషిని ఒక్కరినే చూశాను. అది నేనే. మిగతావాళ్ళు దాన్ని టైపు చేసేవారు, దాని కింద సంతకం పెట్టించేవారు, ముద్ర కొట్టేవారు. చదివి వినిపించడం మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు.

మా పక్కింటి అమ్మాయి లా చదువుతోంది. మొన్న మాటల్లో, నోటరీ అంటే ముద్ర కొట్టే పనే కదా పెద్దమ్మా అంది. నాకు చర్రున కోపం వచ్చింది. కళ్ళు సహకరించక పని మానేసి ఎంతో కాలం కాలేదు, కోపం ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టుంది. ఆ కోపంలో ఆ పిల్లకు చెప్పిన సంగతినే ఇప్పుడు చల్లబడి, ఈ పనిలోకి రాబోయే మీ అందరికోసం రాస్తున్నాను.

పెళ్ళయి సూరత్ వచ్చేనాటికి నాకు టైపు వచ్చు, హిందీ రాదు. మా ఆయనకు మరమగ్గాల లూముల్లో పని. డిండోలి బస్తీలో ఇల్లు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు అక్కడ వీధులకు వీధులే ఉన్నారు. హిందీ నేర్చుకున్నాక ఒక గుజరాతీ నోటరీ దగ్గర పనికి కుదిరాను. పెద్దాయన, మితభాషి. మేము ఆయన్ని సాబ్ అనేవాళ్ళం, ఆయన నన్ను బెన్ అనేవాడు, అంటే సోదరి అని. డిండోలి నుంచి, ఉన్ అనే పేట నుంచి మిల్లు పనివాళ్ళు ఏ కాగితం కావాలన్నా మా టేబుల్ దగ్గరికే వచ్చేవారు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు, సాబ్‌కు తెలుగు రాదు. మధ్యలో నేను.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒకటి చెప్పాలి. కాగితంలో రాసిందంతా నిజమని నోటరీ చెప్పడు. ఈ మనిషి నా ఎదుటికి వచ్చాడు, ఫలానా మనిషేనని చూసుకున్నాను, ప్రమాణం చేయించాను, నా కళ్ళముందే సంతకం పెట్టాడు అని మాత్రమే చెబుతాడు. లోపలి మాటలకు పూచీ ప్రమాణం చేసిన మనిషిది. ఆ మనిషినే డిపోనెంట్ అంటారు. అందుకే ఏ అఫిడవిట్ అయినా 'నేను' అని మొదలవుతుంది.

మనవాళ్ళకు తంటా అంతా ఆ 'నేను' దగ్గరే వచ్చేది. తమ్ముడి కాగితానికి అన్న వచ్చి నిలబడేవాడు. "ఒక్క కడుపుల పుట్టినోళ్ళం, నేను పెడితె ఏంది, వాడు పెడితె ఏంది" అనేవాడు. కోడలి కాగితానికి అత్త వేలిముద్ర వేయబోయేది. ఇందులో మోసం ఏమీ ఉండేది కాదు. ఇంట్లో ఎవరు పెట్టినా ఇంటి సంతకమే అని వాళ్ళ లెక్క. నేను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఒక్కో పేరా చదివి, ఇప్పుడు ఇందులో ఏముందో నీ మాటల్లో చెప్పు అనేదాన్ని. చెప్పలేకపోతే మళ్ళీ చదివేదాన్ని. మా గదిలోనే ఎదుటి టేబుల్ దగ్గర కూర్చునే గుజరాతీ టైపిస్టు నా టేబుల్‌ను బడి అని ఎగతాళి చేసేవాడు. నేను ఒక కాగితం ముగించేలోపు అతను టీ తాగి, పేపరు చదివి, ముగ్గురిని పంపేసేవాడు. కానీ నా గొంతు ఎండిపోతే టీ తెచ్చిచ్చేవాడు కూడా అతనే.

కొన్నేళ్ళ కింద డిండోలిలోనే ఉండే ఒక లూము పనివాడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ మీద బతుకుతున్నాడు. మార్చక తప్పదన్నారు డాక్టర్లు. అన్న ఇస్తానని ముందుకొస్తే షుగర్ ఉందని పనికిరాదన్నారు. చివరకు భార్యది సరిపోయింది. ఆసుపత్రివాళ్ళు అడిగిన కాగితాల్లో ఆమె అఫిడవిట్ ఒకటి, అతనిది ఒకటి. నేను ఫలానా అతని భార్యను, ఇందులో ఉన్న ప్రమాదం డాక్టర్లు నాకు చెప్పారు, ఎవరి బలవంతమూ ఆశచూపడమూ లేకుండా నా అంతట నేను కిడ్నీ ఇస్తున్నాను అని ఆమె ప్రమాణం చేయాలి. ఇవి చేతికొస్తేనే, మార్పిడికి అనుమతి ఇచ్చే ఆసుపత్రి కమిటీ వాళ్ళను పిలుస్తుంది.

వాళ్ళను తీసుకొచ్చింది అతని అన్న. బస్తీలోని మా తెలుగువాళ్ళ సంఘంలో పెద్దమనిషి. బస్తీలో ఎవరికి కష్టం వచ్చినా ముందు అతని తలుపే తడతారు. మా టేబుల్ దగ్గరికి సగం మందిని పంపింది కూడా అతనే. మంచివాడు. ఈ మాట ముందే చెబుతున్నాను, తరువాత జరిగింది చదివి అతన్ని దుర్మార్గుడు అనుకోకండి. తమ్ముడిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మరదలిని లోపలికి తెచ్చాడు.

ఆమె ముప్పై దాటిన మనిషి, కొంగు భుజం చుట్టూ కప్పుకొని కుర్చీ అంచున కూర్చుంది. నేను చదివాను. తన పేరు, భర్త పేరు, పిల్లలు, డాక్టర్లు చెప్పిన ప్రమాదం, అన్నీ తన మాటల్లో శుభ్రంగా చెప్పింది. బలవంతం లేదన్న పేరా దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపలేదు. మళ్ళీ చదివాను. చేతిగాజులు సర్దుకుంటూ కూర్చుంది.

సాయం చేద్దామనుకున్నాడు ఆమెకు బావ అయ్యే ఆ అన్న. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక కాగితం తీసి సాబ్ ముందు పరిచాడు. అది సంఘం తీర్మానం. ఆదివారం సంఘం పెద్దలందరూ సమావేశమై, సుదీర్ఘంగా చర్చించి, ఆమెను ఒప్పించడమైనది అని ఉంది. కింద వరసగా సంతకాలు, సంఘం ముద్ర. ఒక్క సంతకం కంటే ఇన్ని సంతకాలు ఎక్కువ బలం కదా అని అతని ధీమా. హిందీలో సాబ్‌తో గర్వంగానే చెప్పాడు, ఇది ఒక్కదాని నిర్ణయం కాదు సాబ్, మేమందరం కూర్చొని ఒప్పించాం అని.

సాబ్ అప్పటికే పెన్ను మూత తీసి ఉన్నాడు. ఆ మాట విని మూత మళ్ళీ పెట్టేశాడు. ఇవాళ కాదు బెన్ అన్నాడు నాతో.

అన్నకు ఏమీ అర్థం కాలేదు. బయటికి వచ్చాక నన్ను నిలదీశాడు. గొంతు పెంచలేదు, పెంచి ఉంటేనే నాకు తేలికగా ఉండేది.

"అక్కా, నువ్వు మనదానివే గదా. మన దగ్గర ఎట్ల జేస్తరో నీకు తెల్వదా? ఇంత పెద్ద భారం ఒక్కదాని మీద యేస్తమా? అందుకే గదా అందరం కూసున్నది."

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. పెద్ద కష్టం వస్తే పదిమంది కూర్చోవడం మనకు మర్యాద. ఒంటరిగా నిర్ణయం తీసుకున్నవాళ్ళనే మనం జాలిగా చూస్తాం. ఆ పదిమంది కూర్చోవడాన్నే చట్టం ఒత్తిడి అంటుందని నేను చెబితే, అతను నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. ఆసుపత్రి కమిటీ కూర్చునే రోజు దగ్గరపడుతోందని మాత్రం అని, తమ్ముడి భుజం పట్టుకొని ఆటో ఎక్కించాడు.

బస్తీలో మాట పాకడానికి ఎంతసేపు పడుతుంది. నోటరీ దగ్గర పనిచేసే అక్క కాగితం ఆపిందట అన్నారు. కూరగాయల బండి దగ్గర నన్ను చూసి మాటలు ఆపేశారు. మా ఆయన అన్నం దగ్గర కూర్చొని, "మనిషి పానం మీద ఉన్నది. నీ చదువుడు ఎవలకు గావాలె జెప్పు" అన్నాడు.  నిజం చెప్పాలంటే భయపడ్డాను. ఈలోగా ఆ తమ్ముడికేమన్నా అయితే ఆ ఇంటి ముందు నుంచి నేను ఎలా నడవాలి అని రోజూ అనుకునేదాన్ని.

సాబ్ ఒకటే మాట చెప్పాడు. ఆమె రావాలి, భర్త రావాలి, ఇంకెవరూ రాకూడదు. ఆ మాట చెప్పడానికి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అన్న నన్ను కూర్చోమన్నాడు, నీళ్ళు ఇప్పించాడు, నేను చెప్పిందంతా విన్నాడు. "సరే, నువ్వే తీస్కపో. ఇగ నీదే భారం" అన్నాడు.

ఆ మధ్యాహ్నం సాబ్ మా టైపిస్టును కూడా టీకి పంపేశాడు. అతను సణుక్కుంటూ వెళ్ళాడు. భర్త గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల మేము ముగ్గురమే. సాబ్ నాతో అన్నాడు, నేను అడుగుతాను, నువ్వు తెలుగులో అడుగు, ఆమె ఏమంటే అది నాకు హిందీలో చెప్పు, నీ తెలివి ఏమీ కలపకు అని.

అప్పుడు నాకు తట్టింది. ఆయనకు తెలుగు రాదు. ఆమెకు హిందీ బజారులో సరుకులు కొనడానికి సరిపోయేంత వచ్చు. ఆమె ఏమన్నా సరే, మనస్ఫూర్తిగా ఇస్తానంటోంది సాబ్ అని నేను అంటే అయిపోతుంది. ఒక మనిషి బతుకుతాడు, బస్తీ నాతో మళ్ళీ మాట్లాడుతుంది. ఆ ఆలోచన వచ్చింది.  కుర్చీ ఆమె వైపు జరుపుకొని కూర్చున్నాను.

ఎవరైనా బలవంతం చేశారా అని అడిగాడు సాబ్. నేను అడిగాను.

"కొట్టలే, తిట్టలే. అందరు మంచిగనే చెప్పిండ్రు" అంది.

ఏమని చెప్పారు అని అడిగాడు.

"పిల్లల మొఖం జూడు అన్నరు. నీ పుస్తె నిలబడ్తది అన్నరు. మా బావ అందరి ముంగట నాకు దండం బెట్టిండు. అంత పెద్దమనిషి దండం బెడితె నేనేమంట అక్కా?"

దండం అన్న మాట దగ్గర నేను రెండు చేతులూ జోడించి చూపించాను. సాబ్ తొందర పెట్టలేదు. నేను చెప్పడం అయ్యాక, మరి నువ్వు ఇస్తావా అని అడిగాడు.

ఆమె టేబుల్ మీది గాజు పలక కింద ఉన్న పాత క్యాలెండర్ దేవుడిని చూస్తూ కూర్చుంది. తరువాత అంది, "నన్ను ఒప్పించిండ్రు. అడగలే."

దీన్ని హిందీలో చెప్పడానికి నేను రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఎవరు అడగాలి అన్నాడు సాబ్. ఆమె గుమ్మం వైపు తల ఊపింది.

"ఆయన. దవఖానల నాది కలిసింది అని చెప్పినకాంచి నా మొఖం దిక్కు జూస్తలేడు. వొండితె తింటడు, పంటడు. ఆయనకు గావాల్నో వద్దో గుడ నాకు తెల్వది."

అతన్ని పిలవమన్నాడు సాబ్. నేను బయటికి వెళ్ళాను. అతను చెప్పులు విడిచి, వాచిన పాదాలు నేల మీద ఆనించి కూర్చున్నాడు. నువ్వు అడగలేదంటోంది తమ్మీ అన్నాను. వెంటనే లేవలేదు. గోడ పట్టుకొని లేచి, లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డాడు. తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

"నువ్వియ్యకు. అన్నకు ఎప్పుడో చెప్పిన, ఇనలే. నిన్ను అడుగుదామంటె నాకు నోరు రాలే. నాకేమన్న అయితె పిల్లలకు నువ్వన్న ఉంటవ్. ఇద్దరం మంచానబడితె వాళ్ళను ఎవలు జూస్తరు? వద్దు."

 నేను అతని మాటలు ఒక్కొక్కటే సాబ్‌కు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకొని నా వైపు తిరిగింది. "అక్కా, ఇప్పుడు చదువు" అంది.

బలవంతం పేరా మళ్ళీ చదివాను. నీ మాటల్లో చెప్పు అన్నాను.

"నన్నెవ్వరు బలిమి జెయ్యలే. అందరు ఇయ్యమన్నరు, ఈయన ఇయ్యకు అన్నడు. అందరిది ఇన్న. ఇప్పుడు నేనే ఇస్తున్న."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా తెలివి కలపలేదు, కలపడానికి చోటే లేదు. సాబ్ ఆ పేరా చివర ఒక వాక్యం చేర్చమన్నాడు. 'నా భర్త వద్దన్నారు. అది విన్న తరువాతే నా అంతట నేను ఈ నిర్ణయానికి వచ్చాను' అని. ఏ నమూనాలోనూ ఆ వాక్యం ఉండదు. అప్పుడే టీ నుంచి తిరిగొచ్చిన మా టైపిస్టు నా భుజం మీదుగా చూసి, ఇదెక్కడి ఫార్మాట్ బెన్ అన్నాడు. మా బడి ఫార్మాట్ అన్నాను. ప్రమాణం చేసేటప్పుడు ఆమె లేచి నిలబడి, చెయ్యి దేని మీద పెట్టాలక్కా అని అడిగింది. ఎక్కడా పెట్టనక్కర్లేదమ్మా అంటే, రెండు చేతులూ కడుపు మీద కట్టుకొని నేను చెప్పినదంతా వెంట పలికింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. అతని కాగితం మిగిలే ఉంది. నా భార్య ఇస్తున్న కిడ్నీని ఎవరి ఒత్తిడీ లేకుండా నా అంతట నేను స్వీకరిస్తున్నాను అని అందులో ఉంది. చదివాను. నీ మాటల్లో చెప్పు తమ్మీ అన్నాను.

"ఒత్తిడి లేదని ఎట్ల జెప్పాలె అక్కా? నా మనసు ఒప్పుతలేదు. ఆమె గింత చెప్పినంక కాదంటె ఎట్ల? అందుకే తీసుకుంటున్న."

సాబ్‌కు చెప్పక తప్పలేదు. పాపం ఆయన మళ్ళీ మూత పెట్టేశాడు. ఇది కూడా ఒత్తిడే కదా బెన్ అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సాబ్, నేను హిందీలో ఏం మాట్లాడుకున్నామని ఆమె అడిగింది. చెప్పాను.  ఆమె లేచి, చెప్పులు వేసుకొని, బయటికి వెళ్ళిపోయింది. తెరిచిన తలుపులోంచి టీ కొట్టు కనిపిస్తుంది. అక్కడ మాకు వీపు తిప్పి నిలబడింది.

"యాడికి పోయింది?" అన్నాడు అతను.

"నీ మీద ఎవరి బలిమీ ఉండొద్దని పోయింది. నువ్వు వద్దంటే వద్దనే రాస్తా" అన్నాను.

అతను ఆమె వీపునే చూస్తూ ఉన్నాడు. టీ కొట్టువాడు ఆమెకు గ్లాసు ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపింది. అది చూశాక అతను టేబుల్ మీదికి వంగి, నేను చదివిన వాక్యం మీద వేలు పెట్టాడు.

"తీసుకుంటున్న అని గాదక్కా. అడుగుతున్న అని రాయి. నేనే అడుగుతున్న."

సాబ్‌కు చెప్పాను. కాగితంలో ఆ మాటకు చోటు లేదు, ఆ మాట వినాల్సిన మనిషి బయట ఉంది, వెళ్ళి ఆమెకు చెప్పమను అన్నాడాయన.

అతను ఇప్పుడు ఉన్‌లో ఒక మిల్లు గేటు దగ్గర కాపలా పని చేస్తున్నాడు. ఆమె కూడా ఆరోగ్యంగా ఉంది, బజారుకు వస్తే సంచి అతనితోనే మోయిస్తుంది, అతని అన్న కనిపిస్తే ఇద్దరికీ టీ ఇప్పిస్తాడు. ఈ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆపరేషన్ రోజు నేను అక్కడ లేను, నేను ఉన్నది ఆ గది వరకే.

అతను గోడ పట్టుకొని, గుమ్మం దాటి, ఎండలో మెల్లగా నడుచుకుంటూ టీ కొట్టు దాకా వెళ్ళాడు. ఆమె తిరగలేదు. అతను ఆమె వెనకే నిలబడి ఏదో అన్నాడు. ఆమె అప్పుడు తిరిగింది. ఎండ నుంచి పక్కకు జరగమన్నట్టు అతని చెయ్యి పట్టి రేకుల నీడలోకి లాగి, ఏదో అంది. అతను తల ఊపాడు.

సాబ్ అలవాటు కొద్దీ నా వైపు చూశాడు, ఏమన్నారు బెన్ అని.

"వినపడలేదు సాబ్" అన్నాను.

ఆయన పెన్ను మూత తీశాడు.